రాబిన్ వాచీ, ఓదెలు అడుగులు

మా ఆఫీసులో చదువుకున్నవాళ్ళు పదిహేను వందల మంది ఉంటారు. వాళ్ళలో అన్నం ఎలా తినాలో తెలిసినవాడు ఒక్కడూ లేడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మ ఊరికే అనేది కాదు. ఆరేళ్ళుగా హైటెక్ సిటీలో ఈ కంపెనీ మెడికల్ రూమ్‌లో నర్సుగా కూర్చుని, టేపు పెట్టి వాళ్ళ నడుములు కొలిచి మరీ ఈ మాట అంటున్నాను. నా పేరు దీనమ్మ. సొంతూరు తెనాలి దగ్గర, కాపురం మియాపూర్‌లో.

ఈ వేసవిలో కంపెనీకి ఒక పిచ్చి పట్టింది. దాని పేరు ఫిట్‌నెస్ ఛాలెంజ్. నెల రోజుల్లో ఏ టీమ్ ఎక్కువ బరువు తగ్గి, ఎక్కువ అడుగులు నడిస్తే ఆ టీమ్‌కి గోవా ట్రిప్పట. అడుగులు లెక్కపెట్టడానికి చేతులకు వాచీలు. తినడానికి క్యాంటీన్‌లో లో-కార్బ్ డబ్బాలు. తురిమిన కాలీఫ్లవర్ కొంత పెట్టి దాన్నే అన్నం అనుకోమంటారు. రెండు ఉడికిన గుడ్లు, నాలుగు పనీర్ ముక్కలు, గుప్పెడు ఆకులు. ఆ తిండిలో తప్పేమీ లేదు. అన్నం తగ్గించి గుడ్డూ కూరా పెంచమని షుగర్ వాళ్ళకి నేనూ చెబుతాను. తప్పంతా తినేవాళ్ళలో ఉంది.

ఈ పిచ్చికి పెద్ద మా రాబిన్. టీమ్ లీడ్. ముప్పై ఆరేళ్ళకే పొట్ట బల్లను తాకుతుంది. మా చర్చికే వస్తాడు. ఒక ఆదివారం ప్రభు భోజనం దగ్గర రొట్టె ముక్క చేతిలో పెడితే, "ఇందులో మైదా ఉంటుందాండి?" అని పాస్టర్‌గారిని అడిగిన ఘనుడు. నా గదిలో నడుము కొలిపించుకునేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. "ఊపిరి వదలండి సార్" అంటే, "వదిలాను సిస్టర్" అనేవాడు పెదవులు కదలకుండా.

కానీ అడుగుల లెక్కలో అందరికంటే పైన రాబిన్ పేరే. రోజుకు పదిహేను వేలు. కుర్చీలోంచి లేవని మనిషికి అన్ని అడుగులు ఎక్కడివని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మూడో రోజు గేటు దగ్గర కనిపించింది ఆ వాచీ. అది ఓదెలు చేతికి ఉంది.

ఓదెలు మా మెయిన్ గేటు సెక్యూరిటీ. పెద్దపల్లి వైపు మనిషి, యాభై రెండేళ్ళవాడు. గోపన్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని భార్య నర్సమ్మతో ఉంటాడు. గంటకోసారి బిల్డింగు చుట్టూ, కింద మూడు అంతస్తుల పార్కింగులోనూ తిరిగి రావడం అతని డ్యూటీ.

"రాబిన్ సారు పెట్టుకోమన్నడమ్మ" అన్నాడు నేను అడిగితే. "నువ్వెట్లయినా తిరుగుతనే ఉంటవ్ గద, నాది గూడ తిప్పు అన్నడు. దానికి బదులు ఆయన డబ్బ నాకిస్తున్నడు."

డబ్బా అంటే ఆ కాలీఫ్లవర్ డబ్బా. రాబిన్ మధ్యాహ్నం దాన్ని ఫొటో తీసి టీమ్ గ్రూపులో పెట్టేవాడట. తర్వాత డబ్బా ఓదెలు చేతిలో పెట్టి, కారెక్కి కొత్తగూడ వెళ్ళి బిర్యానీ తినొచ్చేవాడట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

"ఆయన ఇచ్చాడే అనుకో, ఆ గడ్డి నువ్వెందుకు తినడం?" అన్నాను.

"షుగర్ దిగాలె గదమ్మ."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. సెక్యూరిటీ ఏజెన్సీవాళ్ళు అందరికీ పరీక్షలు చేయించారు. ఓదెలుకి పరగడుపున రెండు వందల పన్నెండు వచ్చింది. నెలాఖరుకల్లా నూట నలభై లోపు రిపోర్టు తేకపోతే తీసేస్తామన్నారు. ఈ వయసులో ఇంకో ఏజెన్సీ అతన్ని తీసుకోదు. ఆ గేటు పోతే అతనికి ఇంకేమీ లేదు.

"గీ డబ్బతోని సార్లందరు సన్నవడుతున్నరట. నాకు షుగర్ దిగదా?" అన్నాడు ఆశగా.

సన్నబడినవాడు ఒక్కడూ లేడయ్యా అని చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను.

తర్వాతి సోమవారం రెండోసారి కొలతలు. నా గది ముందు పెద్ద లైను. పొట్టలు లోపలికి పీల్చుకుని నిలబడ్డ ఆ ఇంజినీర్లను చూస్తే నాకు లోపల్లోపల ఒకటే నవ్వు. లైను పక్కనుంచి ఓదెలు తల లోపలికి పెట్టాడు.

"అమ్మా, అన్నం మొత్తం ఇడిసిపెట్టిన. రెండు పూటల బంద్. మరి షుగర్ గోళి ఏసుకోవాల్నా, వద్దా?"

నేను టేపు మీదనుంచి తలెత్తలేదు. "గోళీ మానమని నీకెవరు చెప్పారు? మానావంటే కళ్ళు పోతాయి. రెండు పూటలా వేసుకో, వెళ్ళు."

"సరేనమ్మ" అని వెళ్ళిపోయాడు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఓదెలు పార్కింగు రెండో అంతస్తులో పడిపోయాడు. ఆ సంగతి ముందు తెలిసింది మాకు కాదు, రాబిన్ భార్య షారోన్‌కి. పెట్టుకున్న మనిషి పడిపోతే ఆ వాచీ దానంతటదే ఇంటివాళ్ళకు మెసేజ్ పంపుతుంది. షారోన్ పనిచేసేది పక్క బిల్డింగులోనే. "సిస్టర్, మా ఆయన మీ పార్కింగులో పడిపోయారంటండి" అని ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. నేను బ్యాగు పట్టుకుని దిగేసరికి ఆ పిల్ల కూడా రొప్పుకుంటూ వచ్చింది.

స్తంభం పక్కన ఓదెలు పడి ఉన్నాడు. యూనిఫామ్ చెమటతో తడిసి ముద్దయింది, పళ్ళు బిగుసుకుపోయాయి. షారోన్ అతని ముఖం చూసింది, చేతికున్న వాచీ చూసింది.

"ఇతనెవరండీ?" అంది.

"మీ ఆయన అడుగులు" అన్నాను. అలాంటప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు.

వేలు గుచ్చి చూస్తే షుగర్ నలభై రెండుకు పడిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కడు. చేతి నరానికి సూది పెట్టి గ్లూకోజు ఎక్కించాను. షారోన్ అతని తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తూ కూర్చుంది. ఈలోగా భార్య ఫోన్ అందుకుని రాబిన్ వచ్చాడు. అతని చేతులు ఇంకా మసాలా వాసన వేస్తున్నాయి. షారోన్ ఓదెలు చేతినుంచి వాచీ విప్పి మొగుడి చేతికి తొడిగింది.

"ఇక మీరే నడవండి" అంది.

ఓదెలు కళ్ళు తెరిచాడు. తానెక్కడున్నాడని కూడా అడగలేదు.

"షుగర్ ఎంతొచ్చిందమ్మా?"

"నలభై రెండు."

"నూట నలభై లోపే గద. పాసయిన."

అతని ముఖంలో నవ్వు చూడలేక నేను సూది సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

పైకి తీసుకొచ్చాక కంపెనీ డాక్టరుకి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను. జరిగిందంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "అన్నం పూర్తిగా మానేసినవాడిని ఆ మాత్ర అదే మోతాదులో వేసుకోమని ఎవరు చెప్పారు?"

ఓదెలు మంచం మీదనుంచి నావైపు ఒకసారి చూశాడు.

"ఎవ్వలు చెప్పలే సారూ" అన్నాడు. "నాకే తెల్వక ఏసుకున్న."

డాక్టరు కొత్త మోతాదు చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఇక రిజిస్టరులో రాయాలి. రాబిన్ తలుపు దగ్గర నిలబడి నసిగాడు. "సిస్టర్, వాచీ సంగతి, డబ్బా సంగతి రాయకండి ప్లీజ్. హెచ్ఆర్ వాళ్ళు చూస్తారు."

ఆ ముఖం చూస్తే నాకు రోత పుట్టింది. ఆ రోతతోనే పెన్ను తీసి, కారణం అన్న చోట "నీరసంతో కళ్ళు తిరిగి పడిపోయాడు" అని రాశాను. అది రాబిన్ కోసం రాయలేదు. మాత్ర సంగతి రాస్తే కింద నా పేరు కూడా రాయాలి. అన్ని రోజులూ ఎవరిని చూసి నవ్వానో, ఆ పూట నేనూ వాళ్ళలాగే ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

రిజిస్టరు కాపీ అందుకున్న ఏజెన్సీవాళ్ళు ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నారు. నెలాఖరు రిపోర్టు మాటే ఎత్తలేదు. నీరసంతో కళ్ళు తిరిగి పడేవాడు గేటుకు పనికిరాడని సోమవారం యూనిఫామ్ వెనక్కి తీసుకున్నారు. మాత్ర ఎక్కువై పడ్డాడని రాసి ఉంటే తప్పు నాదయ్యేది, ఆ మనిషి ఒంటిది అయ్యేది కాదు. ఆ సంగతి వాళ్ళకు ఫోన్ చేసి చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి, రెండుసార్లూ పెట్టేశాను.

ఆ రోజే ఆఖరి కొలతలు. గది బయట మళ్ళీ లైను, అందరికంటే ముందు రాబిన్. అతని టీమే గెలుస్తుందని అప్పటికే అందరూ అంటున్నారు. గురువారం దాకా ఓదెలు నడిచినవే చాలట.

వెళ్ళేముందు ఓదెలు నర్సమ్మను వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "పానం నిలవెట్టినవ్ తల్లీ" అంది.

ఓదెలు జేబులోంచి మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు.

"డాక్టర్ సారు చెప్పింది జర చీటి మీద రాసియ్యున్రమ్మ. అన్నం తిన్ననాడు ఎన్ని, తిననినాడు ఎన్ని. మళ్ల అడుగుదామంటే నన్ను గేటు లోపటికి రానియ్యరు."

"సిస్టర్, నాకు మీటింగుంది" అన్నాడు రాబిన్ బయటినుంచి. ఆగమన్నాను. టేపు పక్కన పడేసి, ఓదెలును కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, రెండుసార్లు చదివి వినిపించాను. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. అతను గోళీ సంగతి అడిగిన ఆ సోమవారం కూడా అంతే పట్టేది.