మౌనంగా చదవాల్సిన కాగితం

శవపెట్టె మూత వేసేశారు. చర్చి వెనక గదిలో వెర్లీన్ మూడోసారి చేతులు కడుక్కుంటోంది. పొద్దున పదకొండు దాకా చేపల ఫ్యాక్టరీలో తలలు కోసి, తమ్ముడి చావుకి అటునుంచటే వచ్చింది. నిమ్మకాయ రుద్దినా నీచు వదల్లేదు.

ఎర్నెస్టీన్ అమ్మ తెల్లటోపీ సర్దుకుంటూ వచ్చి అచ్చుకాగితం చేతిలో పెట్టింది. చర్చికి పెద్దదిక్కు ఆవిడ, అందరూ అమ్మా అనే పిలుస్తారు. ఎవరు పోయినా వాళ్ళ జీవితం గురించి చర్చిలో పంచే కాగితం రాసేది ఆవిడే.

"చూసుకోవే. ఫోటో బాగా పడింది."

పడింది. రాండల్ నవ్వుతున్నాడు. ముప్పైరెండేళ్ళ బతుకు పదహారు వరుసల్లో సరిపోయింది. చివరి వరుసలో "స్వల్ప అనారోగ్యంతో ప్రభువు సన్నిధి చేరాడు" అని ఉంది.

"స్వల్పమా?" అంది వెర్లీన్. "వాడు పోయింది ఎయిడ్స్‌తో. అది రాయాలి."

"మెల్లగా! వాడి పరువు మట్టిలో కలుపుతావా?"

"వాడే మట్టిలో కలుస్తున్నాడు. పరువొక్కటీ మిగుల్చుకుని ఏం చేద్దాం, ఊరేసుకు తిందామా? కార్నెల్‌కీ ఇదే వరుస రాశారు కదమ్మా."

ఆవిడ మొహం నల్లరాయైంది. "నా కొడుకు మాటెత్తకు" అని వెళ్ళిపోయింది.

కార్నెల్, రాండల్ రెండేళ్ళు ఒకే ఇంట్లో జంటగా ఉన్నారు. ఊరందరికీ తెలుసు. వంటింట్లో గుసగుసలాడారే గాని మొహాన ఒక్కరూ అనలేదు. తర్వాత కార్నెల్ మెంఫిస్ పట్నం వెళ్ళాడు, నాలుగేళ్ళ కిందట పెట్టెలో తిరిగొచ్చాడు. ఆ రోజు రాండల్ మూడో వరుసలో కూర్చుని ఆ కాగితం చదివాడు. గుండెజబ్బు కాబోలు అనుకున్నాడు. కార్నెల్ తండ్రి పోయిందీ గుండెతోనే.

ఆ కాగితంలో ఒక్క మాట నిజం ఉంటే రక్తపరీక్షకి పోయేవాడు. రోజూ మందు మింగుతూ ముసలాడయ్యేవాడు. ఇంకొకరికి అంటించేవాడూ కాదు.

ఊళ్ళో ఉన్న ఒక్క ఆసుపత్రీ మూసేసి ఆరేళ్ళయింది. పక్కూరి ఆసుపత్రిలో మూడుసార్లు దగ్గుమందిచ్చి పంపారు. తెల్లవాడు అంత చిక్కిపోతే నాలుగు పరీక్షలు రాసేవాళ్ళు. వీడు నల్లవాడు. రాండల్‌కి ఒక్క చుక్క రక్తం తీయలేదు. చివరికి జబ్బు బయటపడేసరికి ఊపిరితిత్తులు నిండిపోయాయి. ఆ జబ్బుకి మందిచ్చే క్లినిక్ డెబ్బై మైళ్ళ దూరం, అదీ మంగళవారాలే. అక్కడికి తీసుకెళ్ళడానికి వెర్లీన్ సెలవడిగింది. "మంగళవారం రాకపోతే బుధవారం కూడా రానక్కర్లేదు" అన్నాడు మేస్త్రీ. గంటకి పదకొండు డాలర్ల కూలి, ఇద్దరు పిల్లలు. ఆగిపోయింది.

"నాకెవరూ చెప్పలేదక్కా" అన్నాడు రాండల్, ఆఖరి వారంలో.

ప్రార్థన మొదలైంది. టాలివర్ పాస్టర్ కళ్ళజోడు తీశాడు. "ఇప్పుడు తమ్ముడు రాండల్ జీవితాన్ని ఎవరికి వారు మౌనంగా చదువుకుందాం."

అది అక్కడి ఆచారం. హోసియా తాత ఆర్గాన్ మీద సన్నగా రాగం అందుకున్నాడు. రెండువందల తలలు వంగాయి.

వెర్లీన్ లేచి పెట్టె దగ్గరికి నడిచింది.

"నేను పైకి చదువుతాను."

"చెల్లెమ్మా, మన పద్ధతి..."

"మన పద్ధతికి ఇది రెండో పెట్టె, పాస్టర్‌గారూ. వరుసలో ఇంకెవరున్నారో మీకు తెలుసా?"

ఆయన ఆర్గాన్ వైపు వేలు ఆడించాడు. రాగం పెద్దదైంది.

ఆమె చదివింది. పుట్టిన ఊరు, పాడిన పాటలు, తోలిన లారీ. చివరి వరుస చదవలేదు.

"నా తమ్ముడు ఎయిడ్స్‌తో చచ్చిపోయాడు. దానికి మందుంది. మనకి అందలేదు."

ఎవరో "ప్రభువా" అన్నారు. ఇంకెవరో "సిగ్గులేదూ, కూర్చో" అన్నారు. ఆర్గాన్ హోరులో ఆమె మాట వెనక బల్లలకి చేరలేదు.

"వాయించు తాతా. చావు కాబట్టి సగం రోజు సెలవిచ్చారు. బతికుండగా ఒక్క మంగళవారం ఇవ్వలేదు. సాయంత్రం దాకా నిలబడతాను."

ముందు వరుసలోంచి ఎర్నెస్టీన్ అమ్మ లేచింది. కాగితం లాక్కుంటుందనుకున్నారంతా. పాస్టర్ పక్కకి జరిగి దారిచ్చాడు. ఆవిడ కాగితం ముట్టలేదు. వెర్లీన్ మొహం చూడలేదు. పెట్టె మీద చెయ్యి ఆనించి, బల్లల వైపు తిరిగి వెర్లీన్ పక్కనే నిలబడింది.

వెర్లీన్ గొంతు పెంచి, మొదటి వరుస నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.