ఖర్కాయి అవతలి ఓటు

పదిహేనేళ్ళకు పైగా మా నాన్న ఓటు ఎవరికీ పనికి రాలేదు. వేయక కాదు. జ్వరమొచ్చినా, నైట్ డ్యూటీ దిగి కళ్ళు మూతలు పడుతున్నా వెళ్ళి వేసేవాడు. కాని ఆ ఓటును అక్కడికక్కడే కొట్టేయడానికి తవిటయ్య మావయ్య వెనకే నిలబడి ఉండేవాడు. ఇద్దరూ ఒకే సైకిలు మీద రైల్వే స్కూల్లోని బూత్‌కి వెళ్ళేవాళ్ళు. నాన్న కాంగ్రెస్‌కి ముద్ర గుద్దేవాడు. కాంగ్రెస్ మీద ఎవరు గట్టిగా నిలబడితే వాళ్ళకి మావయ్య గుద్దేవాడు. మళ్ళీ అదే సైకిలు మీద మా ఇంటికొచ్చి, పక్కపక్కన కూర్చుని, ఇద్దరి ఓట్లూ చెల్లుకి చెల్లు అనుకుంటూ భోంచేసేవాళ్ళు.

ఇంత తెలివితక్కువ ఏర్పాటు టాటానగర్ మొత్తంలో ఇంకెక్కడా లేదని నా గట్టి నమ్మకం.

వాళ్ళిద్దరికీ చుట్టరికం లేదు. శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్ళ నుంచి వచ్చి లోకోషెడ్డులో ఖలాసీలుగా చేరారు, వరస కలుపుకుని బావా బావా అనుకున్నారు. క్వార్టర్లు కూడా గోడకి గోడ. అరవై రెండు ఎన్నికల్లో మా జంషెడ్‌పూర్ సీటు ఎర్రజెండా గెలుచుకుంది. ఆ సంతోషంలో మావయ్య షెడ్డంతా లడ్డూలు పంచి, ఒకటి తెచ్చి మా నాన్న నోట్లో కుక్కబోయాడు. నాన్న దాన్ని ఇంజన్ల బూడిద పోసే గుంటలోకి విసిరికొట్టాడు. అంతే, నాలుగేళ్ళ పైచిలుకు మాటల్లేవు. ఒకే టీమ్‌లో ఫిట్టర్లు, పానా కావాలన్నా మూడోవాడితో అడిగించుకునేవాళ్ళట.

అరవై ఏడు ఎన్నికలు వస్తున్నాయనగా మా అమ్మ దాలమ్మ, మావయ్య భార్య వరహాలత్త కుళాయి దగ్గర కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చారు. మగాళ్ళిద్దరినీ పిలిచి అమ్మే చెప్పింది.

"ఇద్దరూ కలిసెళ్ళండి. ఎదురూబొదురూ ఏసుకోండి. ఎవుడూ గెలవడు, ఎవుడూ ఓడడు. కాదంటే ఆ రోజు రెండిళ్ళలోనూ పొయ్యెలగదు."

ఆడవాళ్ళ తీర్పుకి అప్పీలు లేదు. ఒకడు వెళ్ళలేకపోతే రెండోవాడు కూడా వెళ్ళకూడదన్న షరతు మాత్రం మగాళ్ళు చేర్చుకున్నారు. డెబ్బై ఒకటిలో మావయ్యకి అమ్మవారు పోసి మంచం పడితే మా నాన్న కూడా ఇంట్లోనే కూర్చున్నాడు. ఆయన పార్టీ ఆయన లేకుండానే గెలిచింది. డెబ్బై ఏడులో జనతా గాలికి అది కొట్టుకుపోయింది, ఎనభైలోనూ లేవలేదు. అప్పుడు నాన్న ముఖం చూసి మావయ్య ఒక్క లడ్డూ కూడా కొనలేదు.

నాన్నకి మా సీటు చరిత్ర కంఠతా వచ్చు. భూగోళం కూడా. భోజనానికి కూర్చుంటే అన్నాన్ని కుప్పలు చేసి ఇది బహరాగోడా, ఇది ఘాట్‌శిలా, ఇది పోట్కా అని చూపించేవాడు. మధ్యలో చారు పోసి గీత లాగి, ఇదే ఖర్కాయి నది, ఇటు కద్మా, జుగ్‌సలాయి మనవి, అటు ఆదిత్యపూర్, గమ్హరియా సింగ్‌భూమ్ సీటువి అనేవాడు. డెబ్బై ఏడుకి ముందు సరిహద్దులు మళ్ళీ గీసినప్పుడైతే వారం రోజులు మాకు అన్నం చల్లగానే దొరికింది.

అంత తెలిసిన మనిషి చేసిన పని చూడండి. ఇద్దరూ రిటైరై క్వార్టర్లు ఖాళీ చేశారు. మేం జుగ్‌సలాయిలో అద్దెకి దిగాం. మావయ్య కొడుకు పోలరాజుకి గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పని దొరికి, అక్కడే రెండు గదులు వేసుకుని తల్లిదండ్రులను తీసుకెళ్ళాడు. రేషన్ కార్డు మార్చుకో, ఓటు మార్చుకో అని మావయ్యను పోరుపెట్టి, వెంటబెట్టుకుని వెళ్ళి అక్కడి జాబితాలో పేరు ఎక్కించినవాడు మా నాన్నే. ఎన్నిసార్లు చారుతో గీసి చూపించాడో, ఆ గీత ఆయనకే గుర్తుకు రాలేదు.

ఎనభై నాలుగు చివర్లో ఎన్నికలు ప్రకటించాక గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం నది దాటి వచ్చే మావయ్య అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. ఇంక నీ ఓటుకి అడ్డు లేదులే బావా, హాయిగా ఏసుకో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాన్నకి గుచ్చుకుంది. నీకూ పీడ వదిలింది కదా అన్నాడు. మావయ్య టీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా రాలేదు. నది దాటి వెళ్ళినవాడే రావాలని నాన్న పంతం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఇద్దరూ.

నేను టెల్కో కాలనీలో ఒక బడిలో లెక్కలు చెబుతాను, అక్కడే గది తీసుకుని ఉంటాను. నిజం చెప్పాలంటే నాకు ఆనందమే కలిగింది. ఇన్నేళ్ళకి మా నాన్న ఓటు లెక్కలోకి వస్తుంది. ఆ మాటే అమ్మతో అన్నాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"అప్పుడంటే కుర్రోళ్ళు, నాలుగేళ్ళు అలిగినా నడిసిపోనాది. ఈ వయసులో అలిగితే మళ్ళీ మాటాడుకునేదెప్పుడే?"

నేనూ చేట ముందు కూర్చుని రాళ్ళు ఏరాను.

పోలింగ్ రోజు పొద్దున్నే వచ్చి నాన్నను నేనే రిక్షాలో తీసుకెళ్ళాను. ఒంటరిగా వరసలో నిలబడ్డ ఆయన్ని చూసి తెలిసినవాళ్ళందరూ తవిటయ్య ఏడీ అనే అడిగారు.  వరస మెల్లగా కదిలి, మధ్యాహ్నం దాటాక నాన్న లోపలికెళ్ళి వేలికి సిరా పూయించుకుని బయటికొచ్చి, నాకేసి చూడకుండానే చెప్పాడు, తన పార్టీకి వేయలేదని, ఎదుటివాళ్ళకి వేశానని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత పనికొచ్చే ఓటు ఒక్కటి దొరికితే దాన్ని తీసుకెళ్ళి శత్రువుకి పోస్తావా అని నడిరోడ్డు మీద అరిచాను. ఆయన ఆదిత్యపూర్ వెళ్ళే టెంపో ఎక్కాడు. తిట్టుకుంటూ నేనూ ఎక్కాను. వంతెన మీద వెళ్తున్నంతసేపూ నదికేసే చూస్తూ కూర్చున్నాడు. చలికాలం, ఖర్కాయిలో నీళ్ళకంటే బండలే ఎక్కువ. ఈ పాటి నీళ్ళకా ఇంత గొడవ అనిపించింది నాకు.

గమ్హరియాలో గుమ్మం దగ్గరే వరహాలత్త ఎదురొచ్చింది. మావయ్య తెల్లారగానే తలంటుకుని చొక్కా తొడుక్కుని కూర్చున్నాడట. ఓటుకి వెళ్ళడు, చొక్కా విప్పడు, అన్నం తినడు. పోలరాజు తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిస్తాడు. సుబహ్ సే ఐసే హీ బైఠే హై, పొద్దుట్నుంచీ ఇలాగే కూర్చున్నారు అని తండ్రి కేసి చూపించాడు.

నాన్న గదిలోకి వెళ్ళి ముందు మావయ్య వేలు చూశాడు. సిరా లేదు. మావయ్య నాన్న వేలు చూశాడు. ముఖం వాడిపోయింది.

"ఏసొచ్చినావన్నమాట."

"ఏసినాను. నీదేసినాను."

మావయ్యకి అర్థం కాలేదు. నాన్న నేలమీద చతికిలబడి నెమ్మదిగా చెప్పాడు.

"నాదెవుడైనా ఏత్తాడు బావా, ఈసారి ఊరంతా మావోళ్ళే. అక్కడ నీకు ఓటు లేకుండా సేసినోణ్ణి నేనే గదా. నీదింకెవుడేత్తాడు?"

మావయ్య భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత ఎందుకో వరహాలత్త మీద విసుక్కున్నాడు, చెప్పులు ఎక్కడ పెట్టావని. బూత్ మూసే వేళ దగ్గర పడుతోంది. మావయ్య కొడుకు సైకిలు బయటికి లాగి, నాన్నను వెనక ఎక్కమన్నాడు.

"మీ గుర్తు అదే గదా, మారలేదు గదా?" అని నాన్ననే అడిగి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఇది సింగ్‌భూమ్ సీటు మావయ్యా, అది జంషెడ్‌పూర్ సీటు, దీని ఓట్లు వేరే లెక్కిస్తారు, దాని ఓట్లు వేరే లెక్కిస్తారు, ఆ ఓటుకీ ఈ ఓటుకీ చెల్లు పడదు అని అరవాలనిపించింది. పదిహేనేళ్ళకు పైగా ఒకదాన్నొకటి కొట్టేసుకున్న ఓట్లు ఈ రోజు రెండూ నిక్షేపంగా లెక్కలోకి వస్తున్నాయి, రెండూ తప్పుడు గుర్తు మీదే. సందు మలుపులో మా నాన్న చెయ్యి మావయ్య భుజం మీద కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. నోరు మూసుకున్నాను.

నాన్న ఆ పూట అక్కడే ఉండిపోయాడు. సాయంత్రం నేనొక్కదాన్నే జుగ్‌సలాయి చేరాను. అమ్మ గుమ్మంలోనే ఉంది. జరిగిందంతా చెప్పి, వీళ్ళకి కూడికలూ తీసివేతలూ కూడా రావమ్మా అన్నాను.

"లెక్కలు నీ బడిలో సెప్పుకో. మాటాడుకున్నారా, లేదా?"

మాట్లాడుకున్నారన్నాను. మధ్యాహ్నం నుంచి మూతపెట్టి ఉంచిన కంచం అప్పుడు తీసి ముందేసుకుంది.