ముంతపుట్టు సున్నా

కందిపప్పు పొయ్యి మీదికెక్కించి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, మా ఆయన ఉద్యోగం చేయడానికి కూర్చుంటాను. నెల నెలా ఆఖరి వారం ఇదే వరస. ఆయన సర్వేశ్వరరావు, మలేరియా శాఖలో పని. పదిహేను రోజులకోసారి అరకు చుట్టూ ఉన్న పదకొండు కొండ ఊళ్లు తిరగాలి. జ్వరం తగిలినవాళ్ల వేలు గుచ్చి, రక్తపు చుక్క గాజుపలక మీద తీసుకుని, మాత్రలిచ్చి రావాలి. తిరగడం ఆయన వంతు. ఏ ఊళ్లో ఎన్ని జ్వరాలో గడుల్లో నింపి, కార్బను పెట్టి మూడు కాపీలు తీయడం నా వంతు. పెళ్లయిన కొత్తలో "నీ రాత ముత్యాల్లాగుంటాదే రత్నాలూ" అన్నారు. ఆ ఒక్క మాటకి మురిసిపోయి నాలుగేళ్లుగా రాస్తున్నాను. అత్తగారి లెక్కలో ఇది పనే కాదు. "కూకుని గీసేదానికి ఒళ్లేటి అరుగుతాదే? బేగి లేసి ఆ పిండి రుబ్బు" అంటుంది.

నిజం చెప్పొద్దూ, నాకా రాత ఇష్టమే. కిటికీ అవతల పొద్దెక్కినా మంచు విడవదు. చెట్లు ఒకటొకటిగా పైకి తేలుతుంటాయి. పెన్ను పెట్టి ఊరి పేరు రాయగానే నేనా ఊళ్లో ఉంటాను. సంతకి తప్ప గడప దాటనిదాన్ని, పచ్చగా విరబూసిన వలిసె చేలలోంచి నడుచుకుంటూ పోతాను. గడిలో ఆరు అని రాస్తే ఆరుగురు మంచాల మీంచి తలెత్తి నన్ను చూస్తారు. అందరికీ దుప్పట్లు కప్పి పక్క ఊరికి బయల్దేరతాను. ఆ తరవాత నా కాగితం రైలెక్కి సొరంగాల్లోంచి విశాఖపట్నం దిగుతుంది. అక్కణ్ణించి హైదరాబాదు. అక్కడొక పెద్ద గదిలో గోడంత రాష్ట్రం పటం ఉందట. జ్వరాలున్న చోట ఎర్రతల గుండుసూదులు గుచ్చుతారట. సూదులు గుంపుగా ఉన్నవైపు మందు చల్లేవాళ్లనీ, మాత్రలనీ పంపుతారట. ఆ సూది గుచ్చే మనిషి ఆడమనిషే అయితే, నా అక్షరాల దగ్గర ఒక్క నిమిషం ఆగితే, అనుకుంటూ ఉండేదాన్ని. ఇంట్లో మిగిలే మూడో కాపీలో అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. దాన్ని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుండేది.

అలాంటి ఒక ఆఖరి వారం, శుక్రవారం సంతలో కనక కనిపించింది. ఆయన తిరిగే ఊళ్లలో ఒకటైన ముంతపుట్టు నుంచి అల్లం, పిప్పళ్లు తెచ్చి అమ్ముతుంది. వీపున మూడేళ్ల కూతుర్ని కట్టుకునే వచ్చేది. శుక్రవారం పుట్టిందని దానికి సుక్రి అని పేరు. అదెప్పుడూ నా గాజుల్ని పట్టుకుని వదిలేది కాదు. ఇప్పుడా పిల్లని కట్టే గుడ్డ మడతపెట్టి కనక భుజం మీద ఉంది.

"ఇన్ని వారాలు రాలేదేం కనకా? సుక్రి ఏదీ?"

కనక అల్లం కుప్ప సర్దుతూ, తలెత్తకుండా "జొరమొచ్చి పోనాదమ్మా" అంది.

సంచీ పక్కన పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను. "మా ఆయన మీ ఊరొచ్చారు కదా? మాత్రలివ్వలేదూ?"

"వచ్చినారమ్మా. దారి కట్టేసినాం గదా. తాడు కాడికొచ్చి, సూసి, తిరిగెళ్లిపోనారు."

ఊళ్లో జ్వరాలు ముసురుకుంటే దారికి అడ్డంగా తాడు కట్టి, దానికి ఆకులు వేలాడదీస్తారట. అది విప్పేదాకా బయటివాళ్లు లోపలికి పోకూడదు, లోపలివాళ్లు బయటికి రాకూడదు.

"ఏటేటా కడతారా?"

"వానలెళ్లినాక జొరాలొస్తాయి గదమ్మా. కడతాం."

"మరి తాడు అవతల నిలబడి పిలిస్తే?"

"పిలిస్తే ఊరిపెద్ద వస్తాడు. మాత్రలక్కడెట్టి ఎళ్లొచ్చు. ఎవులూ పిలవలేదు."

ఇల్లు చేరి, పెట్టె తీసి, నాలుగేళ్ల మూడో కాపీలు నేలంతా పరిచాను. వానలు వెళ్లిన రెండు నెలలూ చుట్టుపక్కల ఊళ్లలో పన్నెండు, పద్దెనిమిది, ఇరవై. నడిమధ్య ముంతపుట్టు సున్నా. ఒక్క ఏడాది కాదు, నాలుగేళ్లూ సున్నా. ఊరు జ్వరంతో తలుపు వేసుకున్నప్పుడల్లా నేనిక్కడ కూర్చుని ఆరోగ్యంగా ఉందని రాశాను. ఎంత అందంగా, ఎంత గుండ్రంగా చుట్టానో! హైదరాబాదు పటంలో ఆ ఊరి మీద ఒక్క సూదీ పడి ఉండదు. అందుకే ఇన్నేళ్లలో అక్కడికి మందు చల్లేవాళ్లు పోలేదు. ఏడుపొచ్చింది. తరవాత కోపమొచ్చింది, ముందు నా మీద, ఆ తరవాత ఆయన మీద.

అన్నం దగ్గర అడిగాను. ఆయన ముద్ద కలుపుతూనే "తాడు దాటితే ఊరుకుంటారేటే? సూడనిదానికి సున్నా గాక మరేటి రాస్తారు? గడి కాళీగా ఒదిలితే మెమో వస్తాది" అన్నారు.

"సుక్రి పోయిందండీ."

ఆయన ముద్ద ఆపారు. నా మొహం చూసి గొంతు తగ్గించారు. "పాపం. కానీ మనమేటి సేస్తాం? సున్నా ఊళ్లెక్కువున్నాయని ఈ ఏడు నాకు ప్రమోషనిస్తన్నారు. సాలూరు దిగిపోదాం. మీ అమ్మోళ్లకి దగ్గిర. నువ్వే గదా ఈ సలి నావల్ల కాదంటావు."

అన్నాను, నిజమే. సాలూరు అనగానే మా అమ్మ పెరట్లో ఎండ కళ్ల ముందు నిలిచింది. ఆ ఎండ నాకు కావాలి, చాలా కావాలి. అత్తగారు పక్కనుంచి "మొగోడి ఉద్దోగంలో నీకేటి పనే" అంది. అది విని నిజంగానే నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన కేంపుకెళ్లారు. ఎప్పట్లాగే ఖాళీ ఫారాల మీద ముందే సంతకం పెట్టి వెళ్లారు. వచ్చే ఏడు మందు చల్లే ఊళ్ల జాబితా ఈ కాగితాన్ని బట్టే తయారవుతుంది. కార్బను సర్దుకుని కూర్చున్నాను. పది ఊళ్లు రాసి, ముంతపుట్టు దగ్గరికొచ్చేసరికి మంచులో తాడు కనిపించింది, ఆకులు తడిసి వేలాడుతూ. ఈసారి నేను తాడు ఇవతలే నిలబడి పిలిచాను. కనక వచ్చింది. సుక్రి దాని వీపు మీంచి నా గాజులకి చెయ్యి చాపింది.

గడిలో సున్నా చుట్టలేదు. "దారి కట్టారు. చూడలేదు. జ్వరాలున్నాయి" అని రాశాను. నాలుగేళ్ల సున్నాలూ ఇలాంటివేనని నెలలతో సహా కింద రాశాను. తాడు దగ్గర పిలిస్తే మాత్రలు అందుకుంటారనీ రాశాను. పోయినవాళ్ల పేరు రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. మార్జిన్‌లో "సుక్రి, మూడేళ్లు" అని రాసి, దాని కింద ఇంకొక ముక్క రాసి, కవరు అంటించి, నేనే నడిచి వెళ్లి పోస్టాఫీసులో ఇచ్చి వచ్చాను.

రెండ్రోజులకి ఆయన తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుంటూ "ఏటే, కాయితం పంపీసినావా? సున్నాలెన్నొచ్చినాయి?" అన్నారు.

తువ్వాలు అందించాను. "ముంతపుట్టుకి సున్నా లేదండీ. మీరు చూడలేదని రాశాను. ఇదంతా రాసింది నేనేనని కూడా మార్జిన్‌లో రాశాను."