మీరు ఎవరిని చూసుకుంటున్నారు

జూలై తొమ్మిదో తారీఖు. ఆ మధ్యాహ్నం రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు తిన్నాను. గుడ్డు గుర్తుండటానికి కారణం ఉంది. మా ఆవిడ పోయాక నేను పెంకు ఒలిచిన గుడ్లన్నీ గుంటలు పడ్డ మొహాలతోనే బయటికొచ్చేవి. ఆ రోజు మొదటిసారి ఒకటి నున్నగా, ఎక్కడా చెక్కుచెదరకుండా వచ్చింది. తినబుద్ధి కాక కాసేపు చేతిలో పెట్టుకు చూశాను. రోజు బాగానే గడిచేట్టుంది అనుకుని, గొడుగు తీసుకుని ఆస్పత్రి వెనక హాలుకు బయలుదేరాను.

ఆ హాల్లో సాయంత్రాలు ఒక తరగతి నడుస్తుంది. మంచం పట్టిన మనిషిని ఇంట్లో ఎలా చూసుకోవాలో ఇంటివాళ్ళకు నేర్పుతారు. పక్కకు ఎలా తిప్పాలి, మనిషి మంచం మీద ఉండగానే కింది దుప్పటి ఎలా మార్చాలి, వీపు మీద పుండ్లు పడకుండా ఏం చెయ్యాలి, ఇవీ పాఠాలు. చెప్పేది నర్సు. ఆమెను అందరూ సిస్టర్ అంటారు. నేను ఆమెకు తోడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఆవిడ నాలుగేళ్ళు మంచంలో ఉంది కాబట్టి ఈ విద్య కూడా అబ్బింది. నన్ను మాస్టారంటారు.

అంతకుముందు చేరినవాళ్ళలో రెండో వారానికే సగంమంది మానేశారు. సిస్టర్ మొదటి రోజే దూదీ గాజుగుడ్డా బల్ల మీద పరిచి పాఠంలోకి దిగిపోయింది. నలభై, యాభై ఏళ్ళవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు నోరు విప్పి నాకు రాదని ఎలా చెబుతారు? అందుకే ఈసారి, ఆ తొమ్మిదో తారీఖున, మొదటి రోజు పాఠం వద్దన్నాను. పరిచయాలు చేసుకుందాం. చదువూ ఉద్యోగమూ అక్కర్లేదు. మీరు ఎవరిని చూసుకుంటున్నారు, వాళ్ళకి ఏమిటి ఇష్టం, ఈ రెండే.

"కబుర్లు చెబితే పుండ్లు మానతాయా మాస్టారూ?" అంది సిస్టర్. అన్నదే గాని, తన కుర్చీ కూడా లాక్కుని మా అందరితో గుండ్రంగా కూర్చుంది.

ఎవరూ మొదలుపెట్టకపోయేసరికి నేనే మొదలుపెట్టాను. మా ఆవిడను చూసుకున్నాననీ, ఇప్పుడు లేదనీ చెప్పాను. ఇష్టమేమిటంటే, రాత్రి పడుకోబెట్టాక తలుపు పూర్తిగా వెయ్యాలి, కానీ చప్పుడు కాకూడదు. చప్పుడైతే తనని ఎవరో లోపల పెట్టి వెళ్ళిపోయినట్టుంటుందనేది. ఆ తలుపుతో నేను పడ్డ పాట్లు చెబుతుంటే నలుగురూ నవ్వారు. నవ్వాక మాటలు వాటంతటవే వచ్చాయి. బ్యాంకులో పనిచేసే కోడలు, మా మామగారికి నన్ను తిట్టడం ఇష్టమండీ, పక్షవాతం వచ్చాక కూడా ఆ మాటలు మాత్రం స్పష్టంగా వస్తాయి అంది. టైలరు పని చేసే పెద్దావిడ తన భర్త గురించి చెప్పింది. ఆయనకు ఎదురుగా కుట్టు మిషను తొక్కుతూ ఉండాలట. ఆ చప్పుడుకే నిద్రపోతాడట.

చివరగా ఒక డ్రైవరు. స్కూలు పిల్లల బస్సు నడుపుతాడు. భారీ మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

"మా అమ్మండీ. ఇష్టమేంటో తెలీదు. బట్టలు మార్చడానికి తల మీంచి లాగితే మాత్రం బూతులు తిడుతుంది."

"అది కూడా ఒక ఇష్టమే తమ్ముడూ, చెప్పడానికి ఆవిడకి మాటలు మిగిలున్నాయిగా" అంది టైలరావిడ.

అప్పట్నించీ ఎవరూ మానలేదు. రోజూ పాఠానికి ముందు ఒకరినొకరు అడిగేవారు, మామగారు ఇవాళ ఏమని తిట్టారు, అమ్మ ఎన్ని చెంచాల జావ తాగింది అని. సిస్టర్ కూడా అడిగేది. డ్రైవరుకు తన బరువైన చేతులంటే భయం. ఒకరి మీద ఒకరు అభ్యాసం చేసేటప్పుడు ఎదుటి మనిషిని గాజు సామానులా వేలికొసలతో పట్టుకునేవాడు. సిస్టర్ అతని అరచేతిని తన చేత్తో పట్టుకుని భుజం కింద ఎక్కడ, నడుం కింద ఎక్కడ పెట్టాలో చూపించింది. ముట్టుకునే ముందు మనిషికి చెప్పి మరీ ముట్టుకోవాలని మరీమరీ చెప్పింది. నెల తిరిగేసరికి అతని చెయ్యి కుదిరింది.

పుండ్లు పడకుండా ఆస్పత్రి వాళ్ళు గాలిపరుపులు ఇళ్ళకు వాడుకోవడానికి ఇస్తారు. ఒక శుక్రవారం నేను ఆ సామాను గదిలో ఉండగా ఒకావిడ పరుపు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, చాపలా చుట్టి తెచ్చింది. డ్రైవరు చెల్లెలు. ఈ సోమవారం పొద్దున అమ్మ పోయిందని చెప్పింది. అన్నయ్య ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదనీ, మర్నాడే బస్సు తీశాడనీ, సాయంత్రం తరగతికి కూడా వెళ్ళాడనీ చెప్పి, మీకు తెలిసే ఉంటుంది కదండీ అంది. తెలుసన్నాను. అంతకు రెండు రోజుల ముందు, బుధవారం, అతను మా అందరి మధ్యా కూర్చుని, అమ్మ ఇవాళ రెండు చెంచాలు ఎక్కువే తాగింది అన్నాడు. మేమందరం సంతోషించాం.

సిస్టర్‌తో చెప్పాను. ఆమె చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. "మీరే అడగండి మాస్టారూ. మీ మాటైతే వింటాడు" అంది.

మా తరగతిలో మాత్రం అమ్మను బతికించుకుంటున్నాడని నాకు అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను. టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి ఇంట్లో ఎలా ఉందని అడిగాను. నా మొహంలోకి చూడకుండా, తిప్పేటప్పుడు తల ముందు తిరగాలా, భుజం ముందు తిరగాలా మాస్టారూ అని అడిగాడు. రెండూ కలిసే అని చెప్పాను. మెడ వాలిపోతే? చేత్తో ఆనించాలి. ఆనించినా వాలితే? అంతలో గంట కొట్టారు. నేను అడగాల్సింది అడగనే లేదు.

ఆ తరవాత ప్రతిరోజూ అదే. అభ్యాసానికి అందరికంటే ముందు లేచేవాడు. వచ్చిన పాఠమే మళ్ళీ చెప్పమనేవాడు.

ఆ మరుసటి వారం టైలరావిడ ఒక పొట్లం తెచ్చింది. మెత్తటి లేతనీలం నూలు గౌను. తల మీంచి తీసే పని లేకుండా పక్కనంతా విప్పుకునేలా కుట్టింది. బొత్తాలైతే ఒంటికి గుచ్చుకుంటాయని గుడ్డ ముడులు పెట్టింది.

"మొదటి రోజు చెప్పావుగా తమ్ముడూ. వేసి చూడు. బిగుతైతే విప్పి కుడతా. ఇక ఆవిడకి తిట్టే పని లేదు."

అందరూ నవ్వారు. బ్యాంకు కోడలు గౌను పట్టుకు చూసి, నాకు ఇంత మంచిది ఎవరూ కుట్టలేదంది. సిస్టర్ కిటికీవైపు తిరిగింది. డ్రైవరు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ముట్టుకునే ముందు చెప్పాలన్నట్టు పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. నాకూ రాలేదు. చెబితే ఆ గదిలో అందరి ముందూ అతని తల మీంచి బట్ట లాగినట్టే. చెప్పకపోతే ఆవిడ కళ్ళు పొడుచుకుని కుట్టిన గౌను ఎవరూ వేసుకోని గౌను. మళ్ళీ తరగతికి వచ్చినప్పుడు డ్రైవరే, సరిగ్గా సరిపోయిందక్కా అన్నాడు.

తరగతి ముగిసే వారం మేం ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, నేర్చుకున్నది ఎలా చేస్తున్నారో చూసి వస్తాం. డ్రైవరు ఇంటికి సిస్టర్ రాలేనంది. నేనొక్కణ్ణే వెళ్ళాను. మునిమాపు వేళ, సన్నగా వాన పడుతోంది. రావద్దంటాడేమో, తలుపు తియ్యడేమో అనుకుంటూ వెళ్ళాను. నా గొడుగు చప్పుడుకే తలుపు తీశాడు. తల దువ్వుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి సిద్ధంగా ఉన్నాడు.

లోపలి గది చిన్నది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దిండు పక్కన గౌను మడతపెట్టి ఉంది.

"మీకు తెలుసని తెలుసు మాస్టారూ. పరుపు ఇచ్చింది మీ చేతికేనని చెల్లి చెప్పింది" అన్నాడు. "కాస్త పడుకోండి."

గొడుగు గోడకు ఆనించి పడుకున్నాను.

"మాస్టారూ, ఇప్పుడు మిమ్మల్ని ఎడమ పక్కకి తిప్పుతున్నాను" అన్నాడు. ఒక అరచెయ్యి భుజం కిందికి, ఒకటి నడుం కిందికి వచ్చాయి. చేతులు ముందే రుద్దుకున్నట్టున్నాడు, వెచ్చగా ఉన్నాయి. నన్ను తిప్పాడు. మెడకు చెయ్యి ఆనించాడు. మోకాళ్ళ మధ్య దిండు పెట్టాడు, వీపు వెనక దుప్పటి మడిచి దన్ను పెట్టాడు. నేను మా ఆవిడకు ఎన్నోసార్లు చేసిన పనే. ఆ చేతుల కింద ఉండటం ఇలా ఉంటుందని తెలియదు.

"చూశారా?"

"చూశాను. బాగా చేశావు."

"తప్పెక్కడ?"

తప్పేమీ లేదన్నాను.

"ఉంటుంది. ఆ పొద్దున ఇలాగే తిప్పాను. చెప్పి తిప్పాను. తిప్పి, దిండు పెట్టి చూస్తే..." చెయ్యి నా వీపు మీదే ఆగిపోయింది. "చనిపోయిందని చెబితే మీరు రానివ్వరుగా. రాకపోతే నాకెలా తెలుస్తుంది? సిస్టర్ చూపించిన ప్రతిసారీ చూశాను. దొరకలేదు. మీరు చూడండి, మళ్ళీ చేస్తాను."

మళ్ళీ తిప్పాడు. ఈసారి కుడివైపు. మళ్ళీ ఎడమకు. నేను గోడను చూస్తూ నిజంగానే వెతికాను. అతని చేతుల్లో ఒక చిన్న తప్పు దొరికినా బాగుండుననిపించింది. అది చూపించి, ఇదీ సంగతి అని చెప్పి, అతని భారం ఆ తప్పు మీద దింపేసేవాణ్ణి. ఏమీ దొరకలేదు. ఆవిడకి వేళ వచ్చింది నాయనా అన్నాను. ఆ మాట నా చెవికే చాలలేదు. అతను విన్నట్టు కూడా లేడు.

చివరికి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. "గౌను అక్కకి మీరే ఇచ్చెయ్యండి. నాకు నోరు రాదు" అన్నాడు. ఇస్తానన్నాను. ఏమని చెప్పి ఇవ్వాలో నాకూ తెలియదు.

నేను లేవబోతే వద్దని భుజం మీద చెయ్యేశాడు. "మిగతావి కూడా చూడండి. రాత్రికి చేసేవి."

దుప్పటి నా ఛాతీ దాకా లాగి అంచులు సర్దాడు. నీళ్ళ గ్లాసు చేతికందేలా జరిపాడు. దీపం ఆర్పుతున్నాను మాస్టారూ అని చెప్పి ఆర్పాడు. చీకట్లో అడుగులు గుమ్మం దాకా వెళ్ళాయి. అక్కడ కాసేపు ఆగాయి. తలుపు రెక్కను కొద్దిగా పైకెత్తి పట్టి, ఎక్కడా కిర్రుమనకుండా, చప్పుడు కాకుండా వేశాడు.