బల్ల సర్దే మనిషి

గ్లాసులు కడుగుతోంది తబితమ్మ. బొటనవేలంత గ్లాసులు, ప్రభువు బల్లకు ద్రాక్షరసం పోసేవి, సంఘంలో ఉన్నది నూటపది మందే అయినా కడిగినకొద్దీ పళ్ళెంలో ఇంకా పుడుతూనే ఉన్నాయి, గుడి వెనక గదికి నాలుగో గోడ ఉండాల్సిన చోట కాలువ పారుతోంది, అదేమీ ఆవిడకు వింతగా లేదు. కాలువ గట్టు మీంచి దయామణి నడిచి వస్తోంది. తబితమ్మకు తోడికోడలు, పెద్దావిడ, పోయి రెండేళ్ళు దాటింది. పోయిన మనిషి ఎదురొస్తే జడుసుకోవాలని కూడా తోచక, తడి చేతులు కొంగుకు తుడుచుకుని పీట జరుపుతుంది.

"కూర్చో అక్కా."

"ఎన్ని కడుగుతావే? అందరికీ పోస్తావు, నువ్వు మాత్రం తీసుకోవు. తొమ్మిదేళ్ళయ్యింది."

నిజమే మరి. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె ముక్కలు చేసేదీ, పళ్ళేలు సర్దేదీ తబితమ్మే. పాస్టరు అయ్యగారు బల్ల దగ్గరకు రమ్మని పిలవగానే ఏదో మరిచిపోయినట్టు వెనక గదిలోకి జారుకునేదీ ఆవిడే. పనిలో ఉన్న మనిషిని ఎవరడుగుతారు? దీపం కిందే చీకటి.

"కడుక్కుని వద్దామనక్కా," అంటుంది తబితమ్మ. "మనసులో ఇంత మురికి పెట్టుకుని బల్లలో చెయ్యి ఎలా వేస్తాను? ముందు నీతో చెప్పుకుని, నీ చేత సరే అనిపించుకుని, అప్పుడు దేవుడి దగ్గరికి పోదామనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"రేపు రేపు అనుకున్నా. ఈలోగా నువ్వు పోయావు."

"బాగుంది సంబడం. నేను పోవడం నా తప్పన్నమాట."

నవ్వుతోంది దయామణి. ఇద్దరూ ఇప్పుడు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఉన్నారు, కాలువ కూడా వాళ్ళతోపాటే వచ్చి బెంచీ కింద నుంచి పోతోంది. చెప్పాల్సిన మాట ఒక్కటే. తొమ్మిదేళ్ళ కిందట దయామణి కూతురు నిరీక్షణను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారితో, పిల్లకు ఫిట్స్ వస్తాయని తబితమ్మ చెప్పింది. రావు. ఆ కుర్రాణ్ణి తన అన్న కూతురికి చేసుకుందామని ఆశ. పెళ్ళివారు ఇటూ కాకుండా అటూ కాకుండా పోయారు, మాట మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. నిరీక్షణకు ముప్పై నాలుగొచ్చాయి, మరో సంబంధం ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరుస్తుంది తబితమ్మ. గుడి గంట చప్పుడు బయటికొస్తుంది తప్ప మాట రాదు. మళ్ళీ తెరుస్తుంది, మళ్ళీ గంటే.

"నాకు కాదే పిచ్చిదానా," అంటుంది దయామణి. "చచ్చిపోయినదాన్ని, నాకు చెప్తే ఏం లాభం? ముందు ప్రభువుకి చెప్పుకో."

"ఏ మొహం పెట్టుకుని?"

"ఉన్న మొహమే పెట్టుకుని. వానలో ఉన్నోళ్ళు ఒళ్ళు ఆరాక ఇంట్లోకి వస్తామంటారా? తడిసినోళ్ళే కదే లోపలికి పరిగెత్తేది."

"క్షమిస్తాడంటావా?"

"అడిగావా ఎప్పుడైనా? ఆలస్యం అమృతం విషం. లే."

"మరి నిరీక్షణ?"

"ఆయన దగ్గరికి వెళ్ళొచ్చాక దాని దగ్గరికి వెళ్ళకుండా ఉండలేవులే."

ఆ మాటతో లేచి, కాలువ నీళ్ళ మీదే గట్టు మీద నడిచినంత తేలిగ్గా వెళ్ళిపోతోంది. ఆవిడ వీపు చూస్తుంటే తబితమ్మకు తడుతుంది. ఇంతసేపూ అక్క, ఏం చేశావే అని ఒక్కసారైనా అడగలేదు.

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. మొదటి ఆదివారం. స్నానం చేసి, కాఫీ తాగి, అప్పుడు ప్రార్థన, అదీ ఆవిడ అలవాటు. ఆరోజు మాత్రం మంచం మీంచి అలాగే కిందికి దిగింది, ముడి ఊడిన జుట్టుతో, నలిగిన చీరతో మోకాళ్ళ మీద పడింది.

"ప్రభువా, నిరీక్షణకి ఫిట్సని అబద్ధం చెప్పింది నేనే. దాని పెళ్ళి చెడగొట్టింది నేనే. నన్ను క్షమించు తండ్రీ. నాకింకెక్కడా దిక్కు లేదు."

ఆ మాట పేరుపెట్టి అనడం తొమ్మిదేళ్ళలో అదే మొదలు. ఏడ్చింది, బాగా ఏడ్చింది. గుండె మీంచి బండ దించినట్టయింది. కళ్ళు తుడుచుకుని లేచేసరికి గుమ్మంలో నిరీక్షణ నిలబడి ఉంది, చేతిలో రొట్టె పొట్లంతో. అమ్మ పోయిన దగ్గర్నుంచి నెలనెలా వచ్చి బల్ల పనిలో సాయం చేస్తోంది ఆ పిల్ల.

"విన్నావా అమ్మా?"

"విన్నాను పిన్నీ."

తబితమ్మ తల దించుకోలేదు. "నేనే చేశాను. నన్ను క్షమించు," అంది.

నిరీక్షణ లోపలికొచ్చి రొట్టె పొట్లం మంచం మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది: "అమ్మకి మొదట్నుంచీ తెలుసు. పెళ్ళివారే చెప్పారంట. పోయేముందు నాకు చెప్పింది. పిన్ని తనంతట తనే చెప్పుకునేదాకా అడగొద్దే, దగ్గర మాత్రం ఉండు అంది."

తబితమ్మ మంచం పట్టె మీద కూర్చుంది.

"నాకు కోపం పోలేదు పిన్నీ," అంది నిరీక్షణ. "పోవాలని నేనూ ప్రభువుని అడుగుతూనే ఉన్నా. ఇవాళ నువ్వు బల్లకి రా. నీ పక్కనే కూర్చుంటాను."