పద్నాలుగో పేజీ

"లాగ్ బుక్కా? పొద్దున్నే నేనే పట్టుకెళ్ళి సంతకాలకి దేవరాజుగారికి ఇచ్చొచ్చానమ్మా. రేపే కాలేజీలో ఇవ్వాలన్నావు కదా!" అన్నాడు నాన్న, కూతురికి పెద్ద సాయం చేసినట్టు.

ఇందుజ చెప్పులైనా వేసుకోకుండా ఆయన చేపల చెరువు గట్టు వైపు పరుగెత్తింది.

ఏలూరు కాలేజీలో ఆమెది డిగ్రీ రెండో ఏడు. మేజర్ సైకాలజీ, మైనర్ పారాలీగల్, అంటే లాయర్లకి సాయపడే చదువు. రెండింటికీ కలిపి సొంత ఊళ్ళో సర్వే చేసి, లాగ్ బుక్ నింపి, ప్రతి పేజీ మీదా ఊరి పెద్ద చేత, అంటే దేవరాజు చేత, సంతకం పెట్టించాలి. లేకపోతే క్రెడిట్లు రావు, క్రెడిట్లు రాకపోతే డిగ్రీ రాదు. పేజీలకి నంబర్లు అచ్చువేసి ఉంటాయి. ఒక్క పేజీ చిరిగినా పుస్తకం చెల్లదని అట్ట మీదే ఉంది.

"మీతో మనసు విప్పిన మనిషి పేరు ఎక్కడా కనపడకూడదు" అన్నారు సైకాలజీ మేడమ్. "పేరు, భర్త పేరు, ఊరు లేని వాంగ్మూలం చిత్తు కాగితం" అన్నారు పారాలీగల్ చెప్పే ఆనంద్ పాల్ సారు. ఉన్న పుస్తకం ఒక్కటే. ఏది చెయ్యాలో క్లాసులో లేచి అడగడానికి ఇందుజకి నోరు రాలేదు. సారు మాట ప్రకారం పేర్లు రాసేసింది. సంతకాలకి ముందు వాటిమీద కాగితం అంటిద్దామనుకుంది.

పద్నాలుగో పేజీలో ఉన్నది వీరదుర్గ. ఆమె భర్త మట్టి తవ్వే పొక్లెయిన్ నడుపుతాడు. ఆఫీసులకి వరసగా మూడు రోజులు సెలవులొస్తే, ఆ మూడు రోజుల్లో అతని చేత కొల్లేరులోకి చట్టవిరుద్ధంగా కొత్త చెరువు గట్టు వేయించారు. రేపు అధికారులొస్తే వేయించినవాళ్ళు తప్పుకుని తన మొగుణ్ణి చూపిస్తారని వీరదుర్గ భయం. "నీకు కాబట్టి చెప్పానమ్మా" అంటూ ఏడ్చింది.

వేయించింది దేవరాజే.

ఆయన షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పుస్తకం ఒళ్ళో ఉంది.

"రామ్మా, రా. పదమూడు పెట్టేశాను. నా పొలాల రిజిస్ట్రేషన్లకి కూడా ఇన్ని సంతకాలు పెట్టలేదే!"

"మిగతావి తర్వాత పెడుదురుగాని బాబాయిగారూ... ఇచ్చెయ్యండి."

"ఉండు. మన ఊరి గురించి ఏం రాశావో చూడొద్దూ? కళ్ళజోడు ఇంటికాడ ఉండిపోయింది, మీ పిన్ని తెస్తంది. ఈలోగా నువ్వే చదువు. నీకు నోరుందో లేదో కూడా ఊళ్ళో ఎవరికీ తెలవదు!"

పుస్తకం చేతికొచ్చింది. ఎదురుగా వీరదుర్గ పేరు. ఇందుజ దాన్ని దాటేసి చదివింది.

"ఒక స్త్రీ. వయసు ముప్ఫై. అన్నం సయించదు. గుమ్మంలో అడుగు వినపడితే ఉలిక్కిపడుతుంది..."

"ఎందుకంట?"

"భయమండి."

"దేనికి?"

తర్వాతి మాట పొక్లెయిన్. ఇందుజ అక్కడే ఆపేసింది.

"ఆగిపోయావే? ఎవరా మనిషి?"

"చెప్పకూడదండి. మా సబ్జెక్టులో రూలండి."

"నా ఊళ్ళో మనిషి పేరు నాకు చెప్పకూడదా?" ఆయన నవ్వి చెయ్యి చాపాడు. "ఇలా తే. అదిగో, మీ పిన్ని వచ్చేస్తంది."

గట్టు మీద ఆవిడ కళ్ళజోడు డబ్బాతో వస్తోంది. ఇంకో ఇరవై అడుగులు. ఇందుజ పేజీని పట్టుకుని లాగింది. ముక్కలు ముక్కలు చేసి చెరువులోకి విసిరింది. మేత అనుకుని చేపలు పైకొచ్చాయి.

"అయ్యయ్యో, పేజీ పోతే చెల్లదని మీ నాన్న చెప్పాడే! మరి నీ డిగ్రీ?" అన్నాడు దేవరాజు.

ఆమె పుస్తకాన్ని మూసేసింది.

దేవరాజు నీళ్ళవైపు చూశాడు. "అంత చదువూ వదులుకున్నావంటే, అది నాకు తెలియకూడని పేరే అన్నమాట" అన్నాడు, చాలా మెత్తగా. "వెళ్ళమ్మా. గట్టు జారతంది, జాగ్రత్త."

వీధి మలుపు దాకా, తను ఎవరి దగ్గర ఆగుతుందోనని, ఆయన చూపు వీపుకి తగులుతూనే ఉందనిపించింది. మలుపులోనే వీరదుర్గ ఇల్లు. ఆమె అరుగు మీద కూర్చుని చేపలు తోముతోంది.

"ఇందూ! సంతకాలయ్యాయా అమ్మా?"

ఇందుజ ఆగలేదు. తల కూడా తిప్పలేదు. ఎవరో తెలియని మనిషి పిలిచినట్టు, పుస్తకాన్ని గుండెకి అదుముకుని నడిచి వెళ్ళిపోయింది.