ఫిట్ అన్నారు కదండీ

సంచి నిండిపోయింది. నాలుగు నైటీలు, రెండు చీరలు, గుడ్డలో చుట్టిన ఆవకాయ సీసా, ఎండు రొయ్యల పొట్లం. అన్నిటికీ పైన అనురాధ తన రక్తపోటు మాత్రలు పెట్టింది. అత్తగారు లోవమ్మ వాటిని తీసి గూట్లో పెట్టేసింది.

"ఫిట్ వచ్చేక ఇంకా ఇవెందుకే?" అంది.

రాజోలు దగ్గరి ఆ ఊళ్ళో ఫిట్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు ముందు వైద్యపరీక్ష చేస్తారు. అందులో నెగ్గితే ఫిట్ వచ్చిందంటారు. పిల్ల పదో తరగతి పాసైనట్టు ఇరుగుపొరుగుకి పంచదార పెడతారు. ఫిట్ రానిదాని గురించి గుసగుసలాడుకుంటారు. అనురాధకు వచ్చిన రోజున, కొబ్బరికాయలు ఒలిచే చోట ఆమె భర్త బంగారయ్యను తోటివాళ్ళు వదల్లేదు. "నీ పెళ్ళాం ఫిట్టురా. చూడబోతే నువ్వే అన్‌ఫిట్టు" అన్నారు. అతనూ నవ్వాడు.

చదువరులు ఒక్క సంగతి గమనించాలి. అనురాధకు కాన్పు తరువాత రక్తపోటు పట్టుకుంది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన మాత్ర ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. పరీక్షనాడు కూడా వేసుకునే వెళ్ళింది. మాత్ర వల్ల రక్తపోటు అణిగి ఉంది కాబట్టే పరీక్షలో అంతా సరిగా కనిపించింది. అణిగి ఉన్న రోగాన్ని ఇంటిల్లిపాదీ పోయిందనుకున్నారు.

పైగా కువైట్ పంపే ఏజెంటు తాతారావు భయపెట్టాడు. సంచిలో మందులు కనబడితే అక్కడి యజమానురాలు రోగిష్టిదని తిప్పి పంపేస్తుందట. డబ్బుల్లేక గోడల దగ్గర ఆగిన వాళ్ళ ఇల్లు ఈ ప్రయాణం మీదే ఆశ పెట్టుకుని ఉంది.

"తల దిమ్మెక్కితే ఏం చెయ్యను అత్తా?" అని అడిగింది అనురాధ.

"ఉప్పు తగ్గించుకో అమ్మా. అంత పెద్ద డాక్టర్లు ఫిట్ అన్నారు. వాళ్ళకంటే మనకి తెలుసా?"

లోవమ్మ చెడ్డ మనిషి కాదు. కోడలి ప్రయాణం చెడకూడదనుకుంది, అంతే. మనిషి బస్సెక్కేదాకా నీళ్ళ సీసా ఉందా, పాస్‌పోర్టు ఉందా అని పదేపదే అడుగుతాం. అడగవలసినది అడగం.

అక్కడికి వెళ్ళాక అనురాధ ఫోనులో తలనొప్పి అని చెబుతూ వచ్చింది. అలవాటు లేని చాకిరీ అన్నాడు బంగారయ్య. ఫిట్‌గా ఉన్నదానివి, భయపడకు అని ధైర్యం చెప్పాడు. రంజాన్ నెల వచ్చింది. ఆ ఇంట్లో రాత్రీ పగలూ వంటలు. ఒక సాయంత్రం ఆమె పొయ్యి దగ్గరే పడిపోయింది. మెదడులో నరం చిట్లిందని కబురు వచ్చింది.

అనురాధ పెద్దకర్మ నాడు ఆరోగ్య కేంద్రం డాక్టరు శ్రీలక్ష్మి పరామర్శకు వచ్చింది. ఆ మాత్రలు రాసింది ఆమే. అరుగు మీద ఊరి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు కువైట్ ప్రయాణానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు. లోవమ్మ ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఫిట్ అన్నారు కదండీ డాక్టరమ్మగారూ. మరెందుకు పోయిందండీ?"

శ్రీలక్ష్మి అందరికీ వినబడేలా చెప్పింది.

"వాళ్ళు అబద్ధం చెప్పలేదండి. ఫిట్ అంటే, ఆ రోజుకి, ఆ పనికి సరిపోతుందని. ఆ మాట పనిలో పెట్టుకునేవాళ్ళ కోసం రాసింది. ఒంట్లో ఏ జబ్బూ లేదని దానికి అర్థం కాదు. రక్తపోటు ఉన్నా పనికి వెళ్ళచ్చు, మాత్ర మానకుండా వెళ్ళాలి. మానితే అది మళ్ళీ పెరిగి నరం చిట్లచ్చు. ఇకమీదట ఎవరైనా మీ మనిషిని ఫిట్ అంటే, దేనికి, ఎన్నాళ్ళకి అని అడగండి. మందు మానెయ్యాలో లేదో ఆ మందిచ్చినవాళ్ళనే అడగండి."

"ఆయ్" అని తల ఊపింది లోవమ్మ.

అనురాధ ప్రాణంతో తిరిగి రాలేదు. 2024 మార్చి ఇరవై ఆరున కువైట్‌లో పోయింది.